ఎర్త్ వైరు

బుడగట్లపాలెం బీచ్ ఇసుకలో జనాన్ని సరదాగా తిప్పే నాలుగు చక్రాల బండిని కూడా నూకరాజు పడవలాగే సముద్రపు నీళ్లతో కడిగేవాడు. ఎంత చెప్పినా వింటేనా! అతను చేపల వేటకని గుజరాత్ వెళ్లాక ఆ బండి మొరాయించింది. సెల్ఫ్ నొక్కితే టిక్కుమంటుంది, అంతే.

అతని పెళ్లాం హేమ బ్యాటరీ చూసింది, ఫ్యూజు చూసింది. చివరికి ఉప్పు తినేసిన ఎర్త్ వైరు దొరికింది. తుప్పు గీకి బిగిస్తే బండి లేచింది.

అక్కడ బోటు ఒడ్డుకొచ్చాక నూకరాజు ఫోన్ చేశాడు. రెండు మాటలాడి పెట్టేసే మనిషి.

"బండి బాగున్నాదేటే?"

హేమ బండి ఇంజను ఆపేసింది.

"నేదు మావా, టిక్కుమంతన్నాది. ఏటి సూడాలో మొదట్నుంచి నెమ్మదిగా సెప్పు."