ప్రయాణికులకు మాత్రమే

నిండిన సూట్‌కేసును ఎవడైనా మోస్తాడు. దానికి కావలసింది కండబలం మాత్రమే. ఖాళీ సూట్‌కేసును బరువుగా మోయడానికి సంస్కారం కావాలి. భుజం ఒక పక్కకు వాలాలి, అడుగు నెమ్మదించాలి, మెట్టెక్కేటప్పుడు చిన్నపాటి నిట్టూర్పు విడవాలి. ఈ విద్యలో ఊరు ఊరంతా ఆరితేరిందన్న సంగతి ఆ ఊళ్ళో అందరికన్నా ఆఖరున తెలిసినవాడు ధర్మకర్త.

ధర్మకర్త అన్నది అతని పేరు కాదు, బిరుదు. రేవు వీధి చివర అతనికొక బారు ఉంది. పోసే కొలతలో ఏనాడూ చుక్క తగ్గించలేదన్న గౌరవంతో మూలబల్ల దగ్గరి ముగ్గురు మిత్రులు ఆ బిరుదు ప్రసాదించారు. ఒకాయన రిటైరైన హెడ్మాస్టరు, ఒకతను కాంపౌండరు, మూడో అతను గడియారాలు బాగుచేసే మేస్త్రీ. ఆ మూలలో మూడు కుర్చీలే పట్టేవి. అందుచేత ధర్మకర్త ఖాళీ సీసాల చెక్కపెట్టెను బోర్లించి దాని మీద కూర్చునేవాడు. సామ్రాజ్యాలు సింహాసనాల మీద నిలిచాయంటారు గాని, ఈ సభ మాత్రం ఏళ్ళ తరబడి ఆ పెట్టె మీదే నిలిచింది.

అలాంటి సభ మీద కొత్త సుంకం పిడుగులా పడింది. ప్రజల కాలేయాల మీద ప్రభుత్వం వారికి హఠాత్తుగా పుట్టుకొచ్చిన మమకారం వల్ల గ్లాసు ధర తెల్లారేసరికి మూడింతలైంది. ఆ సాయంత్రం హెడ్మాస్టరు గ్లాసు ఎత్తి పట్టుకుని, వీడ్కోలు సభలకు దాచుకున్న గొంతుతో ఒక తీర్మానం ప్రవేశపెట్టారు.

"తాగితే నీ దగ్గరే తాగుతాం ధర్మకర్తా. ఈ ధరకి నీ దగ్గర తాగలేం. కాబట్టి ఇక తాగం. ఎప్పుడైనా ముట్టామా, నలుగురం కలిసే ముట్టాలి. ఒట్టు!"

"నా లివరు ఈ తీర్మానాన్ని బలపరుస్తోంది," అన్నాడు కాంపౌండరు.

మేస్త్రీ ఎప్పుడూ మాట్లాడడు. కళ్ళు తుడుచుకున్నాడు.

సీసాలు కనబడితే మనసు నిలవదంటూ మర్నాటి నుంచి ముగ్గురూ బారు ఛాయలకు రావడం మానేశారు. ధర్మకర్తకు ఆ వెసులుబాటు లేదు. అతను పొద్దస్తమానం సీసాల మధ్యనే నిలబడి, వాటి మెడల మీది దుమ్ము తుడుస్తూ, నిమ్మకాయ సోడా తాగుతూ ఒట్టు నిలబెట్టుకున్నాడు. అడవుల్లో కూర్చుని నిగ్రహం సాధించినవాళ్ళను లోకం పొగుడుతుంది. అడవిలో బారు ఉండదన్న విషయాన్ని మరిచిపోతుంది.

ఇంతలో అవతలి ఒడ్డు దర్జీ ఒకడు, బారు చోటు తనకిస్తే కుట్టుమిషన్లు వేసుకుంటానని కబురు మీద కబురు పంపసాగాడు. ఇచ్చేస్తే సంసారం గట్టెక్కుతుంది. ధర్మకర్త భార్య ఆ ముక్కే అంది.

"ఇచ్చేయరాదూ? ఎవరి కోసం తెరిచిపెట్టుక్కూర్చున్నారు, ఈగల కోసమా?"

"సుంకం ఎప్పటికైనా తగ్గుతుందే. అప్పుడు వాళ్ళు ముగ్గురూ ఆశగా వచ్చేసరికి ఆ మూల కుట్టుమిషన్లు కనబడితే ఏమైపోతారు?"

"ఏమీ అయిపోరు. చిరిగిన జేబులు కుట్టించుకుని వెళ్తారు."

ఆడవాళ్ళకు స్నేహధర్మం బోధపడదని ధర్మకర్త నొచ్చుకున్నాడు. బారు ఇవ్వనని దర్జీకి స్వయంగా చెప్పి వచ్చేద్దామని, ఎప్పటిలా బారు తాళంచెవి జేబులో వేసుకుని ఆ మధ్యాహ్నమే బయలుదేరాడు. గుమ్మంలో బావమరిది ఎదురయ్యాడు. వాడు నది దాటించే లాంచీలో టికెట్లు తనిఖీ చేస్తాడు. ఎవరెవరినో బతిమాలి ఆ ఉద్యోగం వేయించింది ధర్మకర్తే.

"లాంచీ ఎందుకు బావా? వంతెన మీంచి బస్సుందిగా. గాలి బాగా వస్తుంది."

"నది మీద లేని గాలి బస్సులో ఎక్కడిదిరా?"

"అది కాదు బావా... నీకసలే నడుం నొప్పి. లాంచీ ఊగుతుంది."

తన నడుం గురించి ఈ భూమ్మీద ఆలోచించే మనిషి ఒకడున్నాడని ధర్మకర్త మనసు వెన్నలా కరిగింది. తీరా వెళ్ళేసరికి బస్సు కాస్తా వెళ్ళిపోయింది. కరిగిన మనసుతోనే రేవుకు నడిచాడు.

రేవులో ఇసకేస్తే రాలనంత జనం. ప్రతివాడి చేతిలోనూ ఒక పెట్టె. ఈ ఊరి వాళ్ళకు అవతలి ఒడ్డున ఇన్ని చుట్టరికాలు ఎప్పుడు కలిశాయా అని ధర్మకర్త విస్తుపోయాడు. బట్టల కొట్టు యజమాని తన సూట్‌కేసును చిటికెనవేలికి తగిలించుకుని నిలబడ్డవాడు, నలుగురూ చూస్తున్నారని గుర్తొచ్చి, గబుక్కున రెండు చేతులతో పట్టుకుని మూలిగాడు. వెనకనున్న పెద్దావిడ చేతిలో ట్రంకుపెట్టె గాలికి ఊగుతోంది.

"మీ సామానేది?" అని అడిగాడు టికెట్లిచ్చే మనిషి.

"సామానెందుకు? అవతల ఒక మాట చెప్పి వచ్చేస్తాను."

"ఓహో, నిజంగానే వెళ్తున్నారా!" అని అతను ధర్మకర్తను ఎగాదిగా చూసి, జాలిపడి టికెట్టు చింపాడు.

లాంచీ నది మధ్యకు చేరగానే గంట మోగింది. గ్లాసుల గలగలతో కింది గది తలుపు పైకి లేచింది. దాని మీద ఇలా రాసి ఉంది: 'ప్రయాణికులకు సుంకము లేదు. సామాను చూపించవలెను.'

పెట్టెలన్నీ ఒక్కసారి గాల్లోకి లేచాయి. అప్పుడు అర్థమైంది ధర్మకర్తకు. సుంకం ఊళ్ళో ఉండేవాడికే, దారిన పోయేవాడికి కాదు. చేతిలో సామానుంటే చాలు, వాడు దారిన పోయేవాడే. చట్టం ఊరివాళ్ళను ఉద్ధరించబోయింది. ఊరివాళ్ళు మూకుమ్మడిగా బాటసారులైపోయారు. ఊరు ఇంత దిగజారిందా అనుకుంటూనే, ఆ బురదలో కాలు పెట్టని ముగ్గురు తన మిత్రులైనందుకు ధర్మకర్త ఛాతీ ఒక అంగుళం పొంగింది.

పొంగిన ఛాతీతో గదిలోకి తొంగి చూశాడు. మూలబల్ల మీద ఒక గోధుమరంగు సూట్‌కేసు తెరిచి ఉంది. ఒక గొళ్ళెం ఊడిపోయింది. పిడికి నీలంతాడు చుట్టి ఉంది. ఆ తాడు చుట్టింది ధర్మకర్తే. పెళ్ళినాటి సూట్‌కేసు అది. పాత ప్రశ్నపత్రాలు దాచుకోవాలంటూ హెడ్మాస్టరు అడిగి పట్టుకెళ్ళారు. ఇప్పుడందులో వేయించిన పల్లీలున్నాయి. దాని చుట్టూ ముగ్గురు ప్రశ్నపత్రాల పండితులున్నారు.

"మాస్టారూ!"

హెడ్మాస్టరు ఉలిక్కిపడ్డారు గాని గ్లాసు దించలేదు. దించితే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది.

"ముట్టామా, నలుగురం కలిసే ముట్టాలన్నదెవరు మాస్టారూ? ఒట్టు పెట్టిందెవరు?"

"ఆవేశపడకు ధర్మకర్తా. మనం ఒట్టు పెట్టుకుంది ఊళ్ళో. నది ఊళ్ళోకి రాదు."

"తాగితే నీ దగ్గరే అన్నారే!"

"నీ సూట్‌కేసు దగ్గరే తాగుతున్నాం కదయ్యా," అన్నాడు కాంపౌండరు, పల్లీ ఒకటి నోట్లో వేసుకుంటూ. "దీన్ని చూసినప్పుడల్లా నువ్వే గుర్తొస్తావు. కావాలంటే మేస్త్రీనడుగు."

"సీసాల మధ్య నిలబడి, చుక్క ముట్టకుండా సోడా తాగి చచ్చాను నేను! ఆ దర్జీ చోటిమ్మని వెంటపడుతుంటే, మీరొస్తారని, మీ మూల మీకుండాలని కాదంటూ వచ్చాను. నాకొక్క మాట చెప్పొచ్చుగా? నేనూ వచ్చేవాణ్ణిగా!"

హెడ్మాస్టరు నదిని చూశారు. కాంపౌండరు పల్లీ పొట్టు ఊదాడు. ఏనాడూ నోరు విప్పని మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు.

"కుర్చీలు మూడే ఉన్నాయి. నేలకి బిగించేశారు."

"నేనెప్పుడు కుర్చీ అడిగాను!" అన్నాడు ధర్మకర్త.

అప్పుడు కనిపించింది. బల్లకు నాలుగోవైపు, గోడ వారగా, బోర్లించిన చెక్కపెట్టె ఒకటి. దాని చెక్క మీద అతని బారు ముద్ర. దాని మీద, టోపీ చాటున గ్లాసు దాచుకుంటూ, బావమరిది.

"నడుం ఎలా ఉంది బావా?"

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. ఒట్టు పోయింది, పెళ్ళినాటి పెట్టె పోయింది, ఆఖరికి కూర్చునే చెక్కపెట్టె కూడా ఇంటిదొంగ పాలైంది. ధర్మకర్త జేబులోంచి తాళంచెవి తీసి, ఓడిన రాజు ఒర లోంచి కత్తి దూసినట్టు పైకెత్తాడు. గదిలో ప్రయాణికులంతా గ్లాసులు పట్టుకుని అటు తిరిగారు.

"వినండి! అవతలి ఒడ్డున దిగిన మరుక్షణం ఈ తాళంచెవి దర్జీ చేతిలో పెడతాను. మీ మూలబల్ల మీద వాడు పంట్లాములు కత్తిరిస్తాడు. ఇక ఈ జన్మకి నా బారూ లేదు, మీ స్నేహమూ లేదు. అవతల దిగాక నా మొహం మళ్ళీ చూడరు. నేను దిగుతున్నాను!"

మెట్లెక్కి వెళ్ళి, దిగే ద్వారం దగ్గర కమ్మీ పట్టుకుని, వెనక్కి తిరగకుండా నిటారుగా నిలబడ్డాడు. వెనక నుంచి ఎవరో ముక్కు చీదిన చప్పుడైంది. మేస్త్రీయే అయి ఉంటాడు. ధర్మకర్త చలించలేదు. ఎండ అతని కుడిచెంప మీద పడింది; కాసేపటికి ముక్కు మీదికి వచ్చింది; మరికాసేపటికి ఎడమచెంప మీదికి జరిగింది. కళ్ళెదుట నెమ్మదిగా రేవు వీధి, దాని చివర తన బారు పైకప్పు ప్రత్యక్షమయ్యాయి.

"ఇదేంటిరా? అవతలి ఒడ్డేదీ?"

బావమరిది మెట్ల మీంచి తల పైకి పెట్టాడు.

"దిగేవాళ్ళు లేక అక్కడ ఆపడం మానేశారు బావా. అందుకే బస్సెక్కమన్నాను."