వేలి తూకం

షూటింగ్ రేంజ్‌లో నన్నందరూ వేలు మాస్టారు అంటారు. ముప్పై ఏళ్ళుగా ఎయిర్ రైఫిళ్ళు బాగుచేస్తున్నాను. ట్రిగ్గర్ మీద ఎంత బరువు పడితే తుపాకీ పేలుతుందో చూపుడు వేలు ఆనించి చెప్పేవాణ్ణి. తర్వాత ట్రిగ్గర్‌కు తూకపురాళ్ళు వేలాడదీసి చూస్తే గ్రాము కూడా తేడా వచ్చేది కాదు. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. దాంతో తూకాల డబ్బాను బీరువా మీదికెక్కించాను. గర్వం తలకెక్కిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను గానీ, అప్పుడెవరైనా ఆ మాట అంటే కొట్టేవాణ్ణేమో.

మా అక్క కూతురికి కొత్త రైఫిల్ వచ్చి మూడు వారాలైంది. జట్టు ఎంపిక ఈ ఆదివారమే. ఇప్పటికి రెండుసార్లు ఒక్క పాయింటు తేడాతో జట్టులో చోటు పోగొట్టుకుంది. "ఈసారి కూడా రాకపోతే తుపాకీ పక్కన పెట్టేస్తాను మావయ్యా, ఇక నావల్ల కాదు," అని పెట్టె తెచ్చిన రోజే చెప్పింది. పదహారేళ్ళప్పుడు తన చేతికి మొదటి తుపాకీ ఇచ్చింది నేనే. ఆ మాట వినగానే గుండె కలుక్కుమంది. పైకి మాత్రం, "ముందా పెట్టె విప్పు, ఏడుపు తర్వాత," అన్నాను.

కొత్త రైఫిల్‌ను మచ్చిక చేసుకోవాలి. చెంప ఆనే చెక్కను రెండు మిల్లీమీటర్లు దించాను. భుజానికి ఆనే పలకను తన ఎముక వాలుకు తిప్పాను. తుపాకీని బల్లకు బిగించి, ఏడు రకాల సీసపు పెల్లెట్లు ఐదేసి చొప్పున కాల్చి చూశాం. ఒక రకం మాత్రం ఐదూ ఒకే కన్నంలోంచి దూరిపోయాయి. చివరికి ట్రిగ్గర్. కళ్ళు మూసుకుని, వేలు ఆనించి, చిన్న మర తిప్పుతూ, "తొంభై గ్రాములు. నీ పాతదానిలాగే," అని చేతికిచ్చాను.

తను రెండు పెల్లెట్లు కాల్చి, "కొంచెం బరువుగా లేదూ?" అంది.

"తుపాకీ కొత్తది, నీ వేలు పాతది. అలవాటవుతుందిలే."

అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నా వేలు తప్పు చెబుతుందని తనకు తట్టనే లేదు.

బల్లకు బిగిస్తే ఐదూ ఒకే కన్నం. తన భుజం మీదికి వస్తే చెల్లాచెదురు. ఇక తప్పెవరిది? "నొక్కేటప్పుడు కుదుపుతున్నావు," అని రోజూ కసిరాను. తను పొద్దున్న ఆరింటికే వచ్చి, ఖాళీ తుపాకీని తెల్లగోడకేసి గురిపెట్టి, వందలసార్లు ట్రిగ్గర్ నొక్కేది. వారం తిరిగేసరికి మణికట్టుకు పట్టీ పడింది. రెండో వారానికి నవ్వడం మానేసింది.

ఎంపిక రెండు రోజులుందనగా, శుక్రవారం మధ్యాహ్నం, ట్రిగ్గర్ మరోసారి విప్పి, బరువు మార్చకుండానే తుడిచి బిగించి ఇచ్చాను. తను అందుకుని ఆగిపోయింది.

"మావయ్యా, రక్తం."

ట్రిగ్గర్ మీద ఎర్రటి చార. నా చూపుడు వేలి కొన లోతుగానే తెగింది. మర అంచు గీసుకున్నట్టుంది. తెగినప్పుడు నాకు తెలియలేదు. కళ్ళారా చూస్తున్నప్పుడు కూడా నొప్పి తెలియలేదు.

తను కట్టు తేవడానికి ఆఫీసు గదికి పరిగెత్తింది. నేను కుర్చీలో కూలబడ్డాను. కొన్ని నెలలుగా చొక్కా గుండీలు పెట్టుకోవడానికి అద్దం కావలసి వస్తోంది. వేళ్ళు మొద్దుబారాయని తెలుసు. చలి అనుకున్నాను, వయసు అనుకున్నాను, ట్రిగ్గర్ దగ్గర మాత్రం బాగానే పనిచేస్తున్నాయనుకున్నాను.

బల్ల మీద తన సాధన పుస్తకం తెరిచి ఉంది. రోజూ స్కోరు కింద ఒక మాట రాసుకుంటుంది. "వేలు కుదిపాను. తప్పు నాదే." మర్నాడు, "మళ్ళీ నేనే." నిన్నటి పేజీలో, "మావయ్య ఇంత బాగా అమర్చి ఇచ్చినా కాల్చలేకపోతున్నాను. నాకు చేతకాదు."

లేచి బీరువా మీంచి డబ్బా దించాను. లోపల పెల్లెట్ లేకుండా తుపాకీని నిలువుగా పట్టుకుని, ట్రిగ్గర్‌కు తూకం కొక్కెం తగిలించాను. తొంభైకి కదల్లేదు. నూటపదికీ కదల్లేదు. నూటనలభైకి టక్కుమంది.

తను వచ్చేలోపు మర తిప్పేస్తే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. పైగా ఆదివారం తను గెలిస్తే అందరూ నా వేలినే పొగిడేవారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, మరలోకి అలెన్ కీ కూడా పెట్టాను. కానీ ఆ పుస్తకంలో మాటలు ఏ కీతో తిప్పను? తీసి బల్ల మీద పెట్టేశాను.

తను నా వేలికి కట్టు కడుతుంటే చెప్పాను. "నువ్వు నొక్కడంలో తప్పు లేదమ్మా. ట్రిగ్గర్‌దే తప్పు. నూటనలభై ఉంది. నా వేలికి స్పర్శ పోయింది. ఎప్పుడు పోయిందో కూడా తెలీదు."

కట్టు ముడి సగంలో ఆగింది.

"మొదటిరోజే చెప్పాను కదా."

"చెప్పావు."

"మూడు వారాలు మావయ్యా. నాకు చేతకాదనుకున్నాను."

నాలుగు తిట్టినా బాగుండేది. తను ముడి పూర్తిచేసి, కొక్కెం అందుకుని, తూకం తనే వేలాడదీసింది. మర తనే తిప్పింది. తొంభైకి టక్కుమన్నాక కాల్చే లైను మీద నిలబడి పది పెల్లెట్లు కాల్చింది. టార్గెట్ తెచ్చి నాకు చూపించలేదు. దుర్భిణిలో నేనే చూసుకున్నాను. నడిమధ్యన ఒకటే కన్నం.

నాకు కళ్ళు చెమర్చాయి. తన మొహంలో మాత్రం సంతోషం లేదు.

"ఈ ఏడాది ఇంకెవరివి అమర్చావు?"

"నలుగురివి."

"ఆదివారం వస్తున్నారా?"

"నలుగురూ వస్తున్నారు." వాళ్ళవి అలాగే ఉంటే నీకే మంచిది కదా, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. తను నా మొహం చూసి పసిగట్టింది.

"వాళ్ళు కూడా పుస్తకాల్లో ఇదే రాసుకుంటూ ఉంటారు మావయ్యా," అంది.

నా ఫోన్ తీసి, పేర్లు అడిగి, మొదటి నంబరు తనే నొక్కి, నా చెవి దగ్గర పెట్టింది. అటునుంచి ఒక ఆడపిల్ల అలసిన గొంతుతో, "ఎవరండీ?" అంది.

"నేనమ్మా, వేలు..." ముప్పై ఏళ్ళుగా చెప్పుకున్న పేరు నోట్లోనే ఆగిపోయింది. "రైఫిల్ మెకానిక్‌ని. నీ తుపాకీ తీసుకుని రేపు పొద్దున్నే రామ్మా. తప్పు నీది కాదు."