పాతరలో స్టీరింగు

మహాదేవప్ప సావుకారుకు కారంటే పిచ్చి. జహీరాబాదు బజారులో జొన్నలు, కందులు అమ్మిన సొమ్ముతో ఒక పాత విలాయతి కారు కొన్నాడు. అది సగం దారి తనంతట తాను నడిచేది, మిగతా సగం ఎడ్లచేత లాగించుకునేది. అయినా దాని మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు. ఆ కారుకు డ్రైవరూ, మిస్త్రీ, వైద్యుడూ అన్నీ రేవణసిద్ధప్పే.

ఊళ్ళన్నీ అట్టుడికిపోయిన ఆ ఏడు శ్రావణంలో, తుపాకులు పట్టిన గుంపులు కనిపించిన మోటారునల్లా తోలుకుపోతున్నాయని కబురు వచ్చింది. చక్రాలు ఊడదీస్తే వేరేవి తెచ్చి బిగించుకుంటారు, స్టీరింగు లేని కారును మాత్రం దేవుడు కూడా తోలలేడని సావుకారు ఆలోచన. రేవణసిద్ధప్ప స్టీరింగు నడిమి నట్టు విప్పి, మోకాళ్ళు రెండూ కిందనుంచి ఆనించి ఎత్తుతూ, కడ్డీ తల మీద కొయ్యసుత్తితో తట్టాడు. ఏళ్ళ తరబడి బిగుసుకుపోయిన స్టీరింగు చివరికి ఊడి ఒళ్ళో పడింది. ఏదో అపచారం చేసినట్టనిపించింది ఆయనకు.

దాచడానికి సావుకారు ఇంటి వెనక జొన్న పాతరను ఎంచుకున్నాడు. మనిషి నిలువుకు మించిన లోతు గొయ్యి అది. పై జొన్నంతా లెవీ కింద సర్కారు పట్టుకుపోగా అడుగున కొంచెం మిగిలింది. స్టీరింగును గోనెలో చుట్టి ఆ జొన్నల్లో పూడ్చారు. మూతికి బండ పరిచి మట్టితో మెత్తారు. దొంగలకు దొరకని చోటు అవసరానికి మనకూ దొరకదన్న ఆలోచన ఆ ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

భాద్రపదంలో యూనియన్ మిలట్రీ బొంబాయి రోడ్డు మీదుగా వచ్చి హైదరాబాదు వైపు సాగిపోయింది. గుంపులు చెదిరిపోయాయి గానీ బస్సులు ఇంకా తిరగడం లేదు. సరిగ్గా అప్పుడే రేవణసిద్ధప్ప కూతురు నీలమ్మకు నొప్పులు మొదలయ్యాయి. తల్లి లేని పిల్ల, తొలి కాన్పు. ఆమె మొగుడు బస్వరాజ్ ఝరాసంగంవాడు, పాతరల్లో దిగి గంపలతో ధాన్యం పైకి అందించే కూలి. భార్య కోసం మామ ఇంటికి వచ్చి, గడప దగ్గరే కూర్చుండిపోయాడు.

తెల్లారేసరికి మంత్రసాని నారమ్మ చేతులెత్తేసింది.

"బిడ్డ అడ్డం తిరిగింది. ఇగ నాతోని కాదు. బీదర్ దవాఖానకు తీస్కపోతెనే దక్కుతరు. పొద్దు గూకేదాంక ఆగితె ఇద్దర్ల ఒక్కరు గూడ దక్కరు."

ఎడ్లబండి మీదైతే ఆ బురదలో, ఆ వాగుల్లో బీదర్ చేరేసరికి చీకటి పడుతుంది. కారొక్కటే దిక్కు. సావుకారు వెంటనే ఒప్పుకున్నాడు, తానే గునపం పట్టుకుని పాతర మెత్తు పగలగొట్టాడు.

బండ జరపగానే పులిసిన వాసన గుప్పుమంది. వానలకు చెమ్మ దిగి జొన్న ముక్కిపోయింది. తెరిచిన పాతరలో చెడుగాలి నిండి ఉంటుందని, వెంటనే దిగకూడదని ఆ ప్రాంతంలో పసిపిల్లలకు కూడా తెలుసు. పొద్దున తెరిస్తే సాయంత్రందాకా గాలికి వదలాలి, కందిలి దించి చూడాలి, దీపం నిలిస్తేనే మనిషి దిగాలి. కందిలి దించారు. సగంలోనే ఆరిపోయింది. వేపమండలు తాడుకు కట్టి దించుతూ లాగుతూ గాలి ఆడించి, మళ్ళీ దించారు. మళ్ళీ ఆరింది. పక్క వీధి ఇంట్లోంచి నీలమ్మ అరుపు వినిపించింది. ఇంతకుముందు గట్టిగా వచ్చిన అరుపు ఇప్పుడు సన్నగా వచ్చింది, అదే అందరినీ ఎక్కువ భయపెట్టింది.

"జర ఆగుండ్రి. మాపటికల్ల గాలి మారుతది," అన్నాడు సావుకారు.

"మాపటిదాంక ఆమె ఉంటదా?" బస్వరాజ్ అప్పటికే నడుముకు తాడు కట్టుకుంటున్నాడు. "ఊపిరి బిగవట్టి పోత మామా. తాడు ఊపంగనే గుంజుండ్రి."

రేవణసిద్ధప్ప వద్దనాలి. అనలేదు. నోరు పెగల్లేదనుకుంటే అది అబద్ధం. వద్దంటే అల్లుడు ఆగిపోతాడేమోనన్న భయంతోనే నోరు మూసుకున్నాడు.

బస్వరాజ్ దిగాడు. జొన్నలు తవ్వుతున్న గరగర వినిపించింది. తర్వాత తాడు ఊగింది. అందరూ ఒక్క ఊపున గుంజారు. తాడు బరువు లేకుండా వచ్చేసి, గుంజినవాళ్ళు వెనక్కి పడబోయారు. దాని చివర గోనె చుట్టిన స్టీరింగు ఉంది, మనిషి లేడు.

పాతర కూలివాళ్ళ పద్ధతి ఒకటుంది: గంప ముందు, మనిషి వెనక. నిండిన గంపను తాడుకు కట్టి ఊపితే పైవాళ్ళు లాక్కుంటారు, ఖాళీ తాడు మళ్ళీ దిగుతుంది, అప్పుడు మనిషి వస్తాడు. ఊపిరాడక బుర్ర మొద్దుబారుతున్నప్పుడు బస్వరాజ్ చేతులు తమకు తెలిసిన పనే చేశాయి. నడుముకున్న ముడి విప్పి స్టీరింగుకు కట్టాయి.

తాడు మళ్ళీ వదిలారు. ఎవరూ పట్టుకోలేదు. పేరు పెట్టి పిలిచారు, పలుకు లేదు. రేవణసిద్ధప్ప గోతిలో కాలు పెట్టబోతే సావుకారు నడుం పట్టుకుని వెనక్కి ఈడ్చాడు. పాతర ఒకణ్ణి పట్టుకుంటే వాడికోసం దిగినవాణ్ణీ వదలదు.

"మేం కొక్కేలేసి గుంజుతం. నువ్వు పోయి కారు తియ్యి," అన్నాడు సావుకారు. "బిడ్డను గూడ పోగొట్టుకుంటవా?"

అక్కడే నిలబడితే మిగిలేది దింపుడు కళ్ళం ఆశ. వెళ్తే కూతురు బతకొచ్చు. రేవణసిద్ధప్ప స్టీరింగు తీసుకుని కారు దగ్గరికి పరిగెత్తాడు. చెమ్మకు దాని చెక్క ఉబ్బి నెర్రెలు విచ్చింది, పెచ్చులు అరచేతిలో దిగుతున్నాయి. గోనెలోంచి సుతిలి దారం లాగి గుండ్రం చుట్టూ బిగించి కట్టాడు. నడిమి రంధ్రంలో తుప్పును ఆకురాయితో గీకి, ఆముదం రాసి, కడ్డీ గాటులో చిన్న ఇనుప బిళ్ళ కూర్చోబెట్టి, స్టీరింగు దించి నట్టు బిగించాడు. పని పొల్లుపోలేదు. చేతులు ఒక్కసారి కూడా వణకలేదు. తర్వాత చాలా ఏళ్ళు ఆయన్ను కాల్చింది అదే.

పక్కింటివాళ్ళు కారు ముందున్న హ్యాండిల్ తిప్పి తిప్పి ఇంజను అందుకునేలా చేశారు. నీలమ్మను వెనక సీటులో పడుకోబెట్టి నారమ్మ పక్కన కూర్చుంది.

"ఆయనేడి నాయినా?" అంది నీలమ్మ.

"ఎనక వస్తడు బిడ్డా."

ఊరు దాటాక మళ్ళీ అడిగింది. వాగు దగ్గర, పళ్ళు బిగించుకుని, బండి ఆపమని, ఆయన వచ్చాకే పోదామని బతిమాలింది. రేవణసిద్ధప్ప వెనక్కి తిరగకుండా కారును నీళ్ళలోకి దించాడు.

బీదర్ దవాఖానలో డాక్టరమ్మ తల్లినీ బిడ్డనూ దక్కించింది. ఆడపిల్ల. మర్నాడు సావుకారు మనిషి వచ్చి రేవణసిద్ధప్పను వరండాలోకి పిలిచాడు. కొక్కేలకు అందలేదట. సాయంత్రం దీపం నిలిచాక దిగి చూస్తే బస్వరాజ్ గోడకు వీపు ఆనించి, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉన్నాడట. లింగాయతులు చనిపోయినవాళ్ళను కూర్చోబెట్టే పూడుస్తారు. కూర్చోబెట్టే పని కూడా తమకు పడలేదని చెప్పి ఆ మనిషి ఏడ్చాడు.

రేవణసిద్ధప్ప లోపలికి వెళ్ళి మంచం పక్కన కింద కూర్చుని, పాతర తెరిచిన దగ్గరనుంచి అంతా చెప్పాడు. అయిపోయాక నీలమ్మ ఒక్కటే అడిగింది.

"మనం బయలెల్లినప్పుడు పానం ఉండెనా?"

"తెల్వది బిడ్డా."

"నన్నొక్క మాట అడగకపోతివి."

అడిగితే ఏమనేదో ఆయనకు తెలుసు. అందుకే అడగలేదు. పక్కలో పసిగుడ్డు ఆకలికి ఏడవడం మొదలుపెట్టింది. నీలమ్మ గోడవైపు తిరిగి పడుకుంది, చాలాసేపు ఇటు తిరగలేదు.