రెండు మనసుల బంతి

మా కార్మడీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుని ఓడించేవాళ్లు ఈ భూప్రపంచంలో ఇంకా పుట్టలేదు. భూప్రపంచం అంటే మరీ పెద్దదేం కాదు, రైలు లైను మీద మా ఊరికి పడమరగా ఉన్న నాలుగు స్టేషన్లు. తూర్పున ఉన్న బెల్విక్ అమ్మాయిలు మాత్రం పుట్టారు, పెరిగారు, ఏటా మార్చిలో వచ్చి మమ్మల్ని ఓడించి సాయంత్రం రైలుకి వెళ్లిపోతున్నారు.

మా జట్టుకి సెంటర్, అంటే బుట్ట ముందు నడిమిన ఆడేది, థోరా హాల్వర్సన్. పొద్దున్న ఏడయ్యేసరికి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో బోర్డు ముందు కూర్చునేది. ఊళ్లో ఉన్నవి అరవై రెండు ఫోన్లు. ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ఆమె చెయ్యి కదలాల్సిందే. "డాక్టరుగారు ఇంట్లో లేరండీ, క్షవరం చేయించుకుంటున్నారు, అక్కడికి కలపనా?" అనేది. ఎవరింట్లో ఏం వండుతున్నారో, ఎవరు ఎవరితో మాటలు మానేశారో ఆమెకి తెలియనిది లేదు. తెలిసినా పైకి అనేది కాదు. అంత నిగ్రహం నాకుంటే ఈ కథే ఉండేది కాదు. సాయంత్రం ఐదింటికి బోర్డు వాళ్లమ్మకి అప్పగించి, బూట్లు చంకలో పెట్టుకుని మంచులో హాలుకి పరిగెత్తేది.

ఆ హాల్లో మంగళవారాలు డాన్సులు, బుధవారాలు చర్చి వాళ్ల విందులు, మిగతా రోజులు బాస్కెట్‌బాల్. ఒక మూల ఇనప పొయ్యి ఉండేది. ఇంకో మూల నేనుండేవాణ్ణి. నా పేరు డెల్బర్ట్, జట్టుకి కార్యదర్శిని. పలక మీద సుద్దతో స్కోరు రాయడం, తగువొస్తే నిబంధన చెప్పడం, వచ్చిపోయేవాళ్లని ఏడిపించడం నా పనులు. మూడో పనికి నన్నెవరూ నియమించలేదు. నాకై నేనే నెత్తిన వేసుకున్నాను.

ఇక ఆ హాల్లో బంతి సంగతి. ఒకే మనసుతో విసిరితే బంతి ఎక్కడైనా పడ్డట్టే పడుతుంది. రెండు మనసులతో విసిరితే గాలిలో ఆగిపోతుంది. విసిరినవాళ్ల మనసు ఒక్కటయ్యేదాకా దిగదు. 1929లో రైతు ఓలాఫ్ విసిరిన బంతి గంటన్నర ఆగింది. ట్రాక్టరు కొనాలా, గుర్రాలతోనే లాగించాలా అని అతని బాధ. చివరికి గుర్రాలే అనుకున్నాడు, బంతి దిగింది. బుట్టలో మాత్రం పడలేదు. దిగడం మనసు పని, పడటం చేతి పని అని మా ఊళ్లో ఓ సామెత.

అలా ఆగినప్పుడు విసిరినవాళ్లకి ఒక కుర్చీ వెయ్యాలి. తినడానికేదైనా పెట్టాలి. సలహా మాత్రం ఒక్క ముక్క ఇవ్వకూడదు. సలహా విని దిగిన బంతి చెల్లదు.

థోరాకి కాబోయే మొగుడు ఆంటన్ వాసిలిక్. మూడేళ్లుగా కాబోతూనే ఉన్నాడు. పాలకేంద్రంలో వెన్న తీస్తాడు. నెమ్మదైన మనిషి. పెళ్లయిన ఆడది లీగ్‌లో ఆడకూడదని నిబంధన. మా జట్టులో అందరికన్నా చురుకైన మర్టిల్, ముప్పై ఒకటిలో పెళ్లి చేసుకుని ఆట మానేసింది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు. అందుకే థోరా ఏటా చలి మొదలవగానే, "ఆంటన్, ఈ ఒక్క చలికాలం ఆగవూ" అనేది. ఆంటన్ ఆగేవాడు. "వెన్న తీసేవాడికి తొందర పనికిరాదు" అనేవాడు.

ఆ ఏడు, అంటే 1934లో, ఆగడానికి వీల్లేకుండా పోయింది. బెల్విక్ పాలకేంద్రంలో పెద్ద పని, పైన ఇల్లు ఇస్తామన్నారు. ఏప్రిల్ ఒకటిన చేరాలి. ఇల్లు కాబట్టి పెళ్లయినవాడికే. బెల్విక్‌తో ఈ ప్లేఆఫ్‌లో ఓడితే వచ్చే శనివారమే పెళ్లి, థోరా బంతి మళ్లీ ముట్టుకోదు. గెలిస్తే ఏప్రిల్ నడిమికి వాంకూవర్ వెళ్లి ఫైనల్ ఆడాలి. అప్పటిదాకా పెళ్లి లేదు. ఆ ఉద్యోగం, ఆ ఇల్లు ఇంకెవడికో పోతాయి. ఇదంతా ఊరందరికీ తెలుసు. అరవై రెండు ఫోన్లు ఊరికే పెట్టించుకున్నామా?

ప్లేఆఫ్ ఆట మా ఊళ్లో జరిగిన శనివారం మధ్యాహ్నం ఆంటన్ హాల్లోకి రాగానే పట్టుకున్నాను.

"ఏరా ఆంటన్, ఇవాళ ఎవరు గెలవాలంటావ్?"

"బాగా ఆడినవాళ్లు."

"పాస్టరుగారిలా మాట్లాడకు. నిజం చెప్పు."

"నిజం చెప్తే ఈ హాల్లోంచి బతికి బయటపడతానా? అటు జరుగు, కూర్చోవాలి."

ప్లేఆఫ్ అంటే రెండు ఆటలు. ఒకటి వాళ్లూళ్లో, ఒకటి మనూళ్లో. రెంటి పాయింట్లూ కలిపి ఎవరికెక్కువైతే వాళ్లు గెలిచినట్టు. బెల్విక్‌లో మనవాళ్లు ముప్పై ఒకటికి ఇరవై నాలుగు చేసి, ఏడు పాయింట్లు వెనకబడి వచ్చారు. ఇక్కడ కసిగా ఆడారు. ఆట అయిపోవడానికి పన్నెండు సెకన్లుందనగా పలక మీద ఇరవై ఎనిమిది, ఇరవై రెండు. కింద కలిపి రాశాను: మాకు యాభై రెండు, వాళ్లకి యాభై మూడు.

బంతి థోరా చేతికొచ్చింది. బెల్విక్ కెప్టెన్ ట్రూడీ క్లాసెన్ మీదకి ఉరికింది. థోరా ఒక్క క్షణం ఆంటన్ వైపు చూసి, బుట్ట వైపు చూసి, విసిరేసింది.

బంతి లేచింది, వంపు తిరిగింది, రింగుకి మూడడుగుల ఇవతల ఆగిపోయింది.

రిఫరీ పెటిగ్రూగారు గడియారం చూసుకుని ఈల వేశారు. ఆయన పక్కూళ్లో మందుల షాపు నడుపుతారు. "టైము అయిపోయింది. బంతి గాలిలో ఉంది కాబట్టి ఆట అవలేదు. కుర్చీ వెయ్యండి" అన్నారు.

కుర్చీ వేశారు. థోరా కూర్చుంది. బంతి మెల్లగా తన చుట్టూ తాను తిరుగుతోంది. దాని తోలుని బిగించి కట్టిన లేసు ఒకసారి మా వైపు, ఒకసారి బెల్విక్ వాళ్ల వైపు వస్తోంది. జనం కాళ్లు చాపుకున్నారు. పొయ్యిలో ఇంకో మొద్దు వేశారు. బెల్విక్ అమ్మాయిలు అలవాటైన ఊరే కాబట్టి సంచుల్లోంచి అల్లికలు తీశారు.

కోచ్ మిస్ టెన్నాంట్ బడి పంతులమ్మ. చెప్పకుండా ఉండటం చేతకాని మనిషి, పెదాలు బిగించి అటూ ఇటూ తిరుగుతోంది. ఆంటన్ ఒక పళ్లెంలో బెర్రీ పళ్లు కూరి కాల్చిన 'పై' ముక్క తెచ్చి థోరా పక్కన నేల మీద కూలబడ్డాడు. హాలు హాలంతా చెవులు రిక్కించింది.

"పై తిను."

"ఎవరు చేశారు?"

"మీ అమ్మే."

"చక్కెర తక్కువేసిందా?"

"తక్కువే."

"నువ్వు తిన్నావా?"

"రెండు ముక్కలు తిన్నా. మరి చాలాసేపు పట్టేలా ఉంది కదా."

థోరా నవ్వింది, కానీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బంతి మాత్రం కదల్లేదు. నాకు ఒక్కసారిగా జాలేసింది. ఏమీ అనబుద్ధి కాలేదు. నా జీవితంలో అది రెండోసారో మూడోసారో.

ఐదైంది. ఐదున్నరైంది. ట్రూడీ అల్లిక పక్కన పెట్టి లేచింది.

"పెటిగ్రూగారూ, మా రైలు ఆరు నలభైకి. బంతిని ఇలాగే వదిలి వెళ్తే మేం ఓడినట్టా, గెలిచినట్టా?"

"పుస్తకం చూడాలమ్మా. కార్యదర్శీ, నీ నిబంధనల పుస్తకం ఏదీ?"

"ఇంట్లో ఉందండీ" అన్నాను.

ఆయన చొక్కా లోపలి జేబులోంచి తన పుస్తకం తీశారు. కళ్లజోడు ఆటలో ఎవరి మోచేతికో బలైపోయింది. "నువ్వే చదువమ్మా. పైకి చదువు, అందరం విందాం" అని ట్రూడీకి ఇచ్చారు.

ఎక్కడుందో తెలియక ట్రూడీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. బంతి బరువెంత, బుట్ట ఎత్తెంత, జడపిన్నులు పెట్టుకోవచ్చా, రిఫరీ మీద అరిస్తే ఏం చెయ్యాలి. ఆ పుస్తకం మొత్తం ఎవరూ ఎప్పుడూ వినలేదు. వేరే పని లేదు కాబట్టి అందరూ పురాణ కాలక్షేపంలా విన్నారు. మధ్యమధ్యలో, "అబ్బో, అదా సంగతి!" అని వెనక బెంచీల వాళ్లు.

"నిబంధన పదిహేడు" అని చదివింది ట్రూడీ. "ఎవరు ఆడవచ్చు. క్రీడాకారిణి అమెచ్యూర్ అయి ఉండాలి. ఆడినందుకు జీతం పుచ్చుకోకూడదు. ఆ ఊళ్లో తొంభై రోజులు కాపురం ఉండి ఉండాలి. నిబంధన పద్దెనిమిది, బూట్లు..."

"ఆగు" అంది థోరా. రెండు గంటల్లో 'పై' గురించి కాకుండా ఆమె అన్న మొదటి మాట అది. "పదిహేడులో తర్వాతది చదువు."

"తర్వాతేం లేదు. తర్వాత బూట్లే."

"పెళ్లయినవాళ్ల సంగతి?"

ట్రూడీ పేజీ తిప్పింది. వెనక్కి తిప్పింది. వేలు పెట్టి మళ్లీ చదివింది. "లేదే. అసలు పెళ్లి అన్న మాటే లేదిందులో."



"మీ ఊళ్లో అలా లేదా?" అంది థోరా.

"మేమూ అదే అనుకుంటున్నాం. మీ ఊరివాళ్లే చెప్పారుగా! మా వదిన అందుకే మానేసింది." ట్రూడీ ఉన్నట్టుండి థోరాని కింద నుంచి పైదాకా చూసింది, సంతలో గుర్రాన్ని చూసినట్టు. "ఔనూ, నువ్వు ఆంటన్‌ని చేసుకుని మా ఊరొస్తే, తొంభై రోజులంటే... జూన్ ఆఖరికల్లా అయిపోతాయి కదే!"

"ట్రూడీ, అది సలహా కిందికొస్తుంది" అన్నారు పెటిగ్రూగారు.

"లేదండీ, పుస్తకం చదువుతున్నానంతే."

బంతి ఒక అంగుళం కిందికి జారింది. నేను చూశాను.

థోరా మిస్ టెన్నాంట్ వైపు తిరిగింది. "టీచర్‌గారూ, పెళ్లయితే ఆడకూడదని నాకు చెప్పింది మీరే."

"నాకు మర్టిల్ చెప్పింది" అంది మిస్ టెన్నాంట్, ముఖం ఎర్రబడిపోయింది.

మూడేళ్లుగా ముందు బెంచీలో కూర్చుని, ఒడిలో పిల్లతో, ప్రతి బంతికీ కాళ్లు కదిలించే మర్టిల్ లేచి నిలబడింది. "నేనా? నన్నంటారేంటి! మానేసిందాన్ని నేను! నేనే వెళ్లి అడిగితే నాకు ఆ రోజు..." అంటూ హాలంతా కలియజూసి ఎవరి కోసమో వెతకడం మొదలెట్టింది.

అప్పుడే థోరా లేచి కుర్చీ పక్కకి జరిపింది. ఆంటన్ చెయ్యి పట్టుకుని లేపింది. "వచ్చే శనివారం" అంది. "ఇది పడినా, పడకపోయినా. పడితే రైల్లో నాతో వాంకూవర్ రా. పడకపోతే వచ్చే చలికాలం మళ్లీ ఆడతా."

"సరే" అన్నాడు ఆంటన్.

బంతి దిగింది.

రింగు మీద పడింది. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు సగం తిరిగింది. ఇవతలకి పడి, దొర్లుకుంటూ పోయి పొయ్యికి తగిలి ఆగింది.

హాలంతటికీ వినపడేలా "అయ్యో!" అని కేక పెట్టిందెవరనుకున్నారు? ఆంటన్. బుర్ర పట్టుకుని కూలబడ్డాడు పాపం. థోరా వాణ్ణి చూసి నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకుంది. బెల్విక్ వాళ్లు గెలిచామని ఎగరాలా వద్దా అని ఒక్క క్షణం చూసి, ఎగిరారు. ట్రూడీ మాత్రం ఎగరలేదు. వచ్చి థోరా చేత కొత్త కాపురం అడ్రసు రాయించుకుని, పరుగెత్తి రైలెక్కింది.

పెళ్లి ఆ శనివారమే అదే హాల్లో జరిగింది. ఆ తర్వాతి చలికాలం మర్టిల్, మిగతా ఇద్దరూ మా జట్టులోకి తిరిగొచ్చారు. మర్టిల్ పిల్లని పలక పక్కన నా ఒళ్లో పడేసి ఆడేది. మా జట్టు అంత బలంగా ఎప్పుడూ లేదు. థోరా వాసిలిక్ సెంటర్‌గా ఉన్న బెల్విక్ మమ్మల్ని పంతొమ్మిది పాయింట్లతో ఓడించింది.

ఆ నిబంధన ఎవరు పుట్టించారన్న సంగతి మాత్రం బంతి చప్పుడులో కొట్టుకుపోయింది. మర్టిల్ కళ్లు వెతుకుతున్నది నన్నే. నేనప్పుడు పలక వెనక వంగి, కింద పడని సుద్దముక్క కోసం తెగ వెతుకుతున్నాను.

లీగ్ వాళ్లు నాకిచ్చిన నిబంధనల పుస్తకాన్ని ముప్పైలోనే, తెచ్చుకుంటున్న రోజే, రైల్లో మర్చిపోయాను. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అదే సైజులో ఉన్న ఒక పుస్తకానికి గోధుమరంగు కాగితం అట్ట వేసి, తగువొచ్చినప్పుడల్లా గంభీరంగా తెరిచి తీర్పులు చెబుతూ వచ్చాను. మర్టిల్ వచ్చి, "పెళ్లయ్యాక ఆడొచ్చా డెల్బర్ట్?" అని అడిగిన రోజున కూడా అలాగే తెరిచాను, వేలితో వరస వెంట పోయాను, తల అడ్డంగా ఊపాను. ఆ పేజీలో ఉన్నది టర్నిప్ దుంపల విత్తనాల సంగతి. ఎప్పుడు చల్లాలో రాసుంది.