ముగ్గురు జ్ఞానుల చూపు

బొమ్మల మేస్త్రికి చెక్కడంలో కన్నా కళ్ళు దిద్దడంలోనే పేరు. చర్చిలో పెట్టే బాలయేసు, తల్లీ తండ్రీ, గొర్రెలు, తూర్పు నుంచి వచ్చిన ముగ్గురు జ్ఞానులు, అన్నీ ముప్ఫై ఏళ్ళుగా ఆయన చేతి మీదుగా వెళ్ళినవే. ఆయనకో పద్ధతి ఉంది. బొమ్మ ఎటు చూడాలో ముందు తను అటు చూస్తాడు. జ్ఞానుల కళ్ళు దిద్దాలంటే పసిబిడ్డ బొమ్మని బల్ల మీద పెట్టుకుని, కాసేపు దాన్నే చూసి, ఆ చూపు చెదరకముందే కుంచె ఆనిస్తాడు. ఆ జ్ఞానుల్ని చూస్తే మనకే బిడ్డని ఎత్తుకోవాలనిపించేది.

అంత చేయి తిరిగిన మనిషికి కోపం మాత్రం ముక్కు మీదే. ఆరు నెలల కిందట కూతురు మెల్లగా, నాన్నా నీ చూపు తగ్గింది, కళ్ళు నేను దిద్దుతాను అంది. ఆయన దగ్గరే పని నేర్చుకున్న పిల్ల, పైగా కడుపుతో ఉంది. ఈయన ఆగాడా? నా పనికి వంక పెట్టేదానివి నా గడప తొక్కకు అనేశాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం కదా. ఆమె తొక్కలేదు.

కూతురి ఇల్లు సందుకి అవతలే. బిడ్డ పుట్టి నలభై రోజులైంది. అమ్మమ్మ రోజూ వెళ్ళి మనవరాలికి నీళ్ళు పోసి వస్తోంది, తాత మాత్రం కదల్లేదు. పరాయి బిడ్డని చూడ్డానికి ఒంటెల మీద దేశాలు దాటొచ్చిన వాళ్ళ బొమ్మలు చేసే పెద్దమనిషికి, సొంత మనవరాలి కోసం ఇరవై అడుగులు బరువయ్యాయి.

ఆ ఉదయం జ్ఞానుల కళ్ళు పూర్తిచేసి, ముగ్గుర్నీ బిడ్డ బొమ్మ ముందు నిలబెట్టి భార్యని పిలిచాడు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఒకసారి బొమ్మల వంకా ఒకసారి ఆయన వంకా చూసింది. అనుమానమొచ్చి ఆయనే వంగి చూసుకున్నాడు. ఒక్కరూ బిడ్డని చూడటం లేదు. ముగ్గురి చూపూ బిడ్డని దాటి ఎటో పోయింది.

పిల్ల చెప్పింది నిజమే, నా కళ్ళు పోయాయి, ఇక ఈ పని కట్టిపెట్టేస్తాను అన్నాడు.

భార్యకి జాలేసింది గానీ ఆ మాట ఒప్పుకోలేదు.

"చూపు పోయినవాడు ఒకరికి అటూ ఒకరికి ఇటూ దిద్దుతాడు. ఈ ముగ్గురూ ఒక్కచోటికే చూస్తున్నారు. మీరు రోజూ కూర్చునే చోట కూర్చుని, అదెక్కడో చూడండి."

కూర్చున్నాడు. ఎదురుగా కిటికీ, కిటికీలోంచి సందు, సందుకి అవతల కూతురి వాకిట్లో తీగ మీద ఆరేసిన బుల్లి బుల్లి గుడ్డలు. పొద్దుటి నుంచీ బల్ల మీది బిడ్డనే చూస్తున్నానని అనుకున్నాడు పాపం.

చటుక్కున లేచాడు. చొక్కా మార్చుకోమని భార్య అంటే వినిపించుకోలేదు. ఆ కాస్త ఆలస్యానికే పంతం మళ్ళీ తలెత్తుతుందని ఆయన భయం. సందు దాటేలోగా ఏం చెప్పాలో నాలుగు రకాలుగా అనుకున్నాడు. బిడ్డని భుజాన వేసుకుని కూతురు తలుపు తీసేసరికి నాలుగూ మర్చిపోయాడు.

"అమ్మా..." అన్నాడు, అంతే.

కూతురు ఆయన మొహం చూసింది, రంగులు అంటిన వేళ్ళు చూసింది. ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి. పక్కకి జరిగి దారిచ్చింది.

"చేతులు కడుక్కో నాన్నా, ఎత్తుకుందువుగాని."