గేటు అవతలి నీటికుక్కలు

స్కాట్లండ్‌లోని సోర్నా దీవి రేవులో పడవ దిగగానే గ్రిజెల్ చేసిన మొదటి పని, గోడకి ఆనుకుని ఊపిరి తీసుకోవడం. రెండో పని, చెల్లెల్ని కసురుకోవడం.

"అలా మొహంలో మొహం పెట్టి చూడకే ఊనా. చచ్చేట్టుంటే నీకు చెప్పే చస్తాను."

"నేనేం అనలేదు కదక్కా!"

"అనలేదు. ఎప్పుడూ అనవు. నీతో వచ్చిన చిక్కే అది."

ఏటా మే నెలలో ఆ అక్కచెల్లెళ్ళు ఇక్కడికి వస్తారు. పెగీ యాన్ అనే ఆవిడ ఇంట్లో సముద్రం వైపు గది అద్దెకి తీసుకుంటారు. తెల్లవారకముందే లేచి, పిట్టల్నీ నీటికుక్కల్నీ చూడ్డానికి ఒడ్డుకి పోతారు. పిచ్చి అక్కది. ఆ పిచ్చి వెనకాల టీ ఫ్లాస్కూ, ఓట్స్ రొట్టెలూ, చీజ్ ముక్కలూ మోసుకుంటూ నడవడం చెల్లెలి వంతు. చిన్నప్పుడు నాన్న పొలంలో మొదలైన ఏర్పాటే అది. గ్రిజెల్ చెబుతుంది, ఊనా చేస్తుంది. తర్వాత ఊనాకి భర్త చెప్పాడు, చేసింది. పెయిస్లీ పట్టణంలో బడి వంటింట్లో హెడ్మాస్టర్లు చెప్పారు, చేసింది. ఇప్పుడు కొడుకు చెబుతాడు. ఆమెకి అరవై దాటాయి, ఎవరికీ కాదని చెప్పిన గుర్తు లేదు.

ఈ ఏడు గ్రిజెల్ ఊపిరితిత్తులు బాగా చెడిపోయాయి. గుమ్మం దాటొద్దన్నాడు డాక్టరు. "గుమ్మంలో కూర్చుంటే నీటికుక్క వచ్చి పలకరిస్తుందా?" అని ఆయన మొహం మీదే అడిగి, ఆ మధ్యాహ్నమే పడవ టిక్కెట్లు తెప్పించింది.

మొదటి రోజు తెల్లవారుజామున బయల్దేరారు. పెగీ యాన్ ఇంటి వెనక సందులోంచి, పెద్ద బంగళా పచ్చికబీడు అంచున, నేరుగా చిన్న రేవులోకి దిగే కాలిబాట ఉంది. బల్లపరుపు బాట. గ్రిజెల్ ఇప్పటికీ నడవగలిగింది అదొక్కటే. రెండోది కొండ చుట్టూ రాళ్ళ మీదుగా పోతుంది. దాని సంగతి ఆమె దగ్గర ఎత్తకపోవడమే మంచిది.

గడ్డిలో ఎక్కడో కార్న్‌క్రేక్ పిట్ట, దువ్వెన పళ్ళ మీద గోటితో గీసినట్టు అరుస్తోంది. గ్రిజెల్ ఆగి, చెయ్యెత్తి, నవ్వింది. రెండడుగులు వేసేసరికి ఆ నవ్వు చెదిరిపోయింది.

బాటకి అడ్డంగా కొత్త గేటు, అటూ ఇటూ ముళ్ళకంచె. ఆమె తలకన్నా ఎత్తు. ముంజేయంత లావు గొలుసు, దానికో తాళం. పైన బోర్డు: నీటికుక్కల రక్షణ ప్రాంతం. ఇతరులు రాకూడదు.

"ఇతరులు అంటే ఎవరే?" అంది గ్రిజెల్.

"మనమే అనుకుంటా. పదక్కా, వెళ్ళిపోదాం. ఎవరైనా చూస్తే బాగోదు."

గ్రిజెల్ గేటు పట్టుకుని ఊపింది. ఊపగానే దగ్గు తెర వచ్చి వంగిపోయింది. ఆమెని నడిపించుకుని ఇంటికి తీసుకురావడానికి ఊనాకి చాలాసేపు పట్టింది.

పెగీ యాన్ గంజి గిన్నెలు బల్ల మీద పెడుతూ వాళ్ళ కళ్ళల్లోకి చూడలేదు. "బంగళా పోయిన శీతాకాలం కాల్వర్లీ అనే ఆయన కొన్నాడు. వచ్చే అతిథులకి నీటికుక్కల్ని చూపిస్తాడట. వాళ్ళకి మాత్రమేనట."

"ఆ గేటు ఎవడు పాతాడు?" గ్రిజెల్ అడిగింది.

పెగీ యాన్ బల్ల తుడవసాగింది. "మా అబ్బాయి రూరీ. ఆయన దగ్గర పనికి కుదిరాడు కదా. ఏం చెయ్యమంటావ్? చలికాలమంతా ఎండ్రకాయల వలలకి ఏమీ పడలేదు."

గ్రిజెల్ ఇంకేమీ అనలేదు. ఆ రోజంతా బైనాక్యులర్స్ ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. ఆ కిటికీలోంచి చిన్న రేవు కనిపించదు. నోరు పారేసుకునే అక్కని భరించడం ఊనాకి అలవాటే. నోరు మూసుకున్న అక్కని చూస్తే మాత్రం భయం వేసింది. కోటు తొడుక్కుని, ఎవరికీ చెప్పకుండా బంగళాకి వెళ్ళింది.

కాల్వర్లీ చాలా మర్యాదస్తుడు. వాకిట్లోనే నిలబెట్టినా, నవ్వుతూ మాట్లాడాడు.

"మా అక్కకి ఒంట్లో బాగోలేదండీ. ఒక్కసారి ఆ దారిన..."

"అర్థమైందమ్మా. కానీ ఒకర్ని వదిలితే అందర్నీ వదలాలి. ఆ జంతువులు మహా బెదురు గొడ్లు. మీలాంటి పెద్దవాళ్ళకి పడవల రేవు దగ్గర టీ కొట్టు ఉంది చూడండి, అక్కడ టీవీలో నీటికుక్కల వీడియో వేస్తారు. వెచ్చగా కూడా ఉంటుంది."

"చాలా థాంక్సండీ," అంది ఊనా.

తలుపు మూసుకుంది. ఆమె మెట్ల మీదే నిలబడిపోయింది. ఎందుకు చెప్పాను థాంక్స్? ఏం చేశాడని? కాలిబాట లాక్కున్నందుకా, టీవీ చూసుకోమన్నందుకా? ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆ మాట నోట్లో కుళ్ళిన చేప ముక్కలా తిరిగింది. సందు మలుపు దగ్గర ఆగి, వెనక్కి వెళ్ళి గేటు ముందు నిలబడింది. ఈసారి గొలుసు వైపు చూడలేదు. రెండో పక్కకి వెళ్ళి, వంగి, కీళ్ళు చూసింది.

ఆ సాయంత్రం అక్క పక్కన మంచం మీద కూర్చుని అంది, "నాన్న పొలంలో ఆవులు గేటు ఊడగొట్టేవి, గుర్తుందా?"

"ఊడగొట్టడం కాదు. కొమ్ములతో కిందనించి పైకి ఎత్తేవి. అందుకే నాన్న పై కీలుకి నట్టు బిగించేవాడు." చెప్పి, గ్రిజెల్ మెల్లగా తల తిప్పింది. "ఎందుకడుగుతున్నావ్?"

"ఆ కొత్త గేటుకీ ఒక్క నట్టే ఉంది."

గ్రిజెల్ చెల్లెలి మొహంలోకి, అందులో ఇంకెవరైనా దూరారా అన్నట్టు చూసింది.

వంటింట్లో పెగీ యాన్ గిన్నెలు తోముతోంది. ఊనా వెళ్ళి పెద్ద పానా ఒకటి కావాలని అడిగింది. పెగీ యాన్ ఎందుకని అడగలేదు. గిన్నె తోముతూనే ఉంది.

"మా షెడ్డుకి గడియ ఉండదు. ఎవరు వచ్చారో ఎవరు పోయారో నాకేం తెలుస్తుంది?" అని, గిన్నె బోర్లించి, "నట్టుకి నూనె కూడా వెయ్యండి. వర్షానికి తుప్పు పట్టి ఉంటుంది," అంది.

మర్నాడు ఆకాశం ఇంకా బూడిద రంగులో ఉండగానే ఊనా ఆ నట్టు విప్పింది. ఆ చేతులు బడి వంటింట్లో ఏళ్ళ తరబడి సూపు గుండిగలు దించిన చేతులు. గేటు కింద భుజం పెట్టి, పళ్ళు బిగించి ఎత్తింది. ఒక్క కిర్రుమన్న చప్పుడుతో గేటు కీళ్ళలోంచి లేచింది. తాళం తాళంగానే ఉంది. గేటు మాత్రం గొలుసుకి వేలాడుతూ గడ్డిలోకి వాలిపోయింది.

గ్రిజెల్ నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు మళ్ళీ నవ్వయింది. "అయ్యో దొంగ ముండా! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే ఈ తెలివి?"

"గట్టిగా నవ్వకక్కా. అన్నీ బెదిరిపోతాయి."

ఇద్దరూ చేతులు పట్టుకుని రేవులోకి దిగారు. గాలి సముద్రం మీంచి మొహాలకి కొడుతోంది. మనుషుల వాసన నీటి వైపు పోదు, అది మంచిదే. రెండు బండల మధ్య పాత చోటులో, గోనె పరుచుకుని కూర్చున్నారు. నీళ్ళు తగ్గి, నాచు పరుచుకున్న రాళ్ళు బయటపడ్డాయి. ఎర్రముక్కు పిట్టలు రాతి అంచున బారుగా నిలబడి, ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నాయి. దూరంగా ఈడర్ బాతులు, ఎవరి ఇంటి గుట్టో విన్న ముత్తైదువల్లా "ఆఁ... ఊఁ..." అంటూ తేలుతున్నాయి. మోకాల్లోతు నీళ్ళలో నారాయణ పక్షి ఒకటి కదలకుండా నిలబడింది.

గ్రిజెల్ చెల్లెలి మోచేయి గట్టిగా నొక్కింది.

నీటి మీద చిన్న గీత. గీత ముందు చదునైన తల. అది మునిగింది. తోక కొస కొరడాలా లేచి మాయమైంది. మళ్ళీ తేలినప్పుడు నోట్లో ఏదో గిలగిలా కొట్టుకుంటోంది. దాని వెనకే ఇంకో తల, బాగా చిన్నది, కీచుకీచుమని అరుస్తూ ఈదుతోంది. పిల్ల! తల్లి రాతి మీదికెక్కి, ముందరి కాళ్ళతో ఎండ్రకాయని అదిమిపట్టి, కరకరలాడిస్తూ తినసాగింది. ఆ చప్పుడు వాళ్ళకి వినిపించింది. పిల్ల పక్కనుంచి లాక్కోబోతే తల్లి దాన్ని మూతితో తోసేసింది.

"అచ్చం నువ్వే," ఊనా గుసగుసలాడింది.

"నోర్ముయ్."

అప్పుడే వెనక గడ్డిలో బూట్ల చప్పుడు. కాల్వర్లీ, అతని వెనక ఆకుపచ్చ కోట్లు వేసుకున్న అతిథులు భార్యాభర్తలు, అందరి వెనకా తల వంచుకుని పెగీ యాన్ కొడుకు రూరీ. కాల్వర్లీ మొహం ఎర్రగా కందిపోయింది.

"ఏమిటిది! ఎవరు మిమ్మల్ని..."

ఊనా వెనక్కి తిరగలేదు. చూపుడువేలు మాత్రం పైకెత్తింది. "ష్! అది తింటోంది."

కాల్వర్లీ తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. అరిస్తే నీటికుక్క పోతుంది. దాన్ని చూపిస్తానని తీసుకొచ్చిన అతిథులు పక్కనే ఉన్నారు. అతను బండ మీదికి వంగి, పళ్ళ మధ్యనించి గుసగుసగా అన్నాడు, "నా గేటు ఊడగొట్టింది మీరేనా?"

"నేనే," ఊనా కూడా గుసగుసగానే చెప్పింది. "మా అక్క కాదు. ఆవిడకి ఎత్తే ఓపిక లేదు."

"తిట్టే ఓపిక మాత్రం ఉంది," అంది గ్రిజెల్.

"ఇది నా భూమి!"

"కాదనలేదండీ. భూమి మీదే. నడక మాది. స్కాట్లండ్‌లో కాలిబాటకి తాళం వెయ్యకూడదు, చట్టం ఒప్పుకోదు. అది మీకూ తెలుసు. తెలిసే నిన్న నాకు టీవీ చూపించబోయారు."

"మీరు ఈ జంతువుల్ని బెదరగొడుతున్నారు!"

ఊనా ఇప్పుడు తల తిప్పి అతన్ని పైనుంచి కిందికి చూసింది. "ఎవరండీ బెదరగొడుతోంది? ఆకాశానికి అడ్డంగా మీరొక్కరే నిలబడ్డారు. కూర్చోండి."

అతిథుల్లో ఆవిడ అప్పటికే గడ్డిలో చతికిలబడి, భర్త కోటు లాగుతోంది. ఆయన కూడా కూర్చున్నాడు. గ్రిజెల్ తన బైనాక్యులర్స్ తీసి ఆవిడ చేతిలో పెట్టి, పిల్ల ఉన్న వైపు వేలు చూపించింది. కాల్వర్లీ ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"రూరీ," అన్నాడు చివరికి, "ఈ ఆడవాళ్ళని లేపి గేటు దాటించు."

రూరీ కదల్లేదు.

"నీకే చెప్పేది."

"విన్నానండీ." రూరీ తల ఎత్తాడు. "ఊనా పిన్ని నాకు ఈత నేర్పింది. ఇదే రేవులో. నేను ఆవిడ మీద చెయ్యి వెయ్యను."

"అయితే రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు."

"అలాగేనండీ," అని రూరీ బంగళావాళ్ళ కోటు విప్పి, మడిచి, ఆయన చేతిలో పెట్టాడు. చొక్కాతో చలిలో నిలబడ్డాడు.

ఒక్క క్షణం ఊనాకి, లేచి, తప్పైపోయిందండీ, వెళ్ళిపోతాం, ఆ అబ్బాయిని ఏమీ అనకండి అని చెప్పాలనిపించింది. మాట నాలుక దాకా వచ్చింది. దాన్ని మింగేసింది. తను లేస్తే రూరీ విప్పిన కోటుకి అర్థం ఉండదు. గోనె మీద ఒక పక్కకి జరిగి, "రా నాయనా, కూర్చో. టీ తాగు," అంది.

తల్లి నీటికుక్క తిండి ముగించి, రాతి మీద దొర్లి ఒళ్ళు తుడుచుకుని, పిల్లని వెంటేసుకుని తీరిగ్గా నీళ్ళలోకి జారింది. దానికి ఏ తొందరా లేదు. అప్పటికి కాల్వర్లీ బంగళాకి వెళ్ళి పోలీసుకి ఫోన్ చేశాడు.

దీవి ఆ చివర్నుంచి వచ్చిన కాన్‌స్టేబుల్ అమ్మాయి పడిపోయిన గేటునీ, బోర్డునీ, తుప్పు నూనె అంటిన ఊనా చేతుల్నీ చూసింది. నడవడం నేరం కాదు, గొలుసు తీసెయ్యాలి అని కాల్వర్లీకి చెప్పింది. ఊడదీసిన గేటు మళ్ళీ తగిలించాలి అని ఊనాకి చెప్పింది.

"తగిలిస్తాను. ముందు గొలుసు తియ్యమనండి," అంది ఊనా. గొలుసు తీసేదాకా పానా పట్టుకుని అక్కడే నిలబడింది. తర్వాత తనే నట్టు బిగించింది. బోర్డు మాత్రం కాల్వర్లీ తియ్యలేదు. ఇతరులు రాకూడదనే మాట ఇంకా అక్కడే ఉంది.

ఇంటికొచ్చాక పెగీ యాన్ ఎదుట నిలబడడమే ఊనాకి కష్టమైంది. "నా వల్లే వాడి పని పోయింది," అంది.

పెగీ యాన్ పొయ్యి దగ్గర్నుంచి తిరగలేదు. "అవును, పోయింది. నాకు కడుపు మండుతోంది, మండట్లేదని చెప్పను." గంటె గిన్నె అంచున గట్టిగా కొట్టింది. "ఆ గేటు పాతిన రోజు వాడు ఇంటికొచ్చి భోజనం ముట్టలేదు. ఇవాళ రెండు గిన్నెల గంజి తాగి వలలు బాగుచేసుకోడానికి పోయాడు. కూర్చుని తినండి, చల్లారిపోతుంది."

ఆ తర్వాత ప్రతి ఉదయం వెళ్ళారు. కొన్నాళ్ళు వాన, పొగమంచు తప్ప ఏమీ కనపడలేదు. ఊళ్ళోవాళ్ళు కూడా ఒకరొకరే రాసాగారు. చాలామంది నీటికుక్కల కోసం కాదు, గేటు తోసి లోపలికి నడవడం కోసం. గ్రిజెల్ నడక ఇంకా నెమ్మదించింది. ఒక రోజు సగం దారిలో ఊనా ఆమెని వీపు మీదికి ఎక్కించుకుంది. "దించవే, పరువు పోతుంది," అంటూనే గ్రిజెల్ చెల్లెలి మెడ గట్టిగా పట్టుకుంది.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున ఊనా కొడుక్కి ఫోన్ చేసింది. "ఇవాళ రావట్లేదు. ఇంకో వారం ఉంటాం. నీ పిల్లల్ని నువ్వే చూసుకో." అతను ఏదో గట్టిగా అంటున్నాడు. "వినపడుతోందిరా," అని నెమ్మదిగా ఫోన్ పెట్టేసింది.

పడవ కూత వేసినప్పుడు ఇద్దరూ బండల మధ్య ఉన్నారు. వాన పడుతోంది. నారాయణ పక్షి కూడా లేదు.

"పడవ వెళ్ళిపోతోందే," అంది గ్రిజెల్.

"వెళ్ళనీ," అంది ఊనా. "ఇటు జరుగు. ఆ నాచు పక్కన ఏదో కదిలింది."