గడప లోపల

బాలింతల ఇళ్లకు తిరగడం ముగించుకుని విశ్వాసమ్మ సంచీ భుజం మార్చుకుంది. ఎండ అప్పుడే బండల మీద చురచురలాడుతోంది. ఆశా కార్యకర్తగా ఈ ఊళ్లో ఆమె తిరగని వీధి లేదు. గట్టి మనిషి. అరిగిన హవాయి చెప్పులు, ఎండకు కమిలిన చెంపలు, చర్చిలో పాట ఎత్తుకుంటే రోడ్డు దాకా వినిపించే గొంతు. భర్త ఏసన్న పోయాక ఒంటి చేత్తోనే కూతురు నిస్సీని నర్సు చదివించింది.

సుబ్బలక్ష్మమ్మ ఇంటి ముందు ఆగింది. ఆ ఇంటి కోడలు సుప్రజను కాన్పుకు తీసుకుపోయింది తనే. బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా పడుకుందనే చెబుతున్నారు.

"సుప్రజ యాడుండాదమ్మా?"

"నిద్రపోతాండాది," అంది సుబ్బలక్ష్మమ్మ, చేటలోని శెనక్కాయల మీంచి తలెత్తకుండా.

"బయట గొళ్లెం పెట్టుకోని నిద్రపోతారా?" అంది విశ్వాసమ్మ, వాకిట్లోంచే కనిపిస్తున్న వెనక గది తలుపు వైపు చూస్తూ.

చేట ఆగిపోయింది. ఈ ఇంటికి ఎన్నిసార్లొచ్చినా విశ్వాసమ్మ వాకిట్లోనే నిలబడేది. మంచినీళ్లిచ్చినా అక్కడే. ఈరోజు చెప్పులు విడిచి గడప దాటింది. సుబ్బలక్ష్మమ్మ వద్దనలేకపోయింది.

వెనక గది ముందు సుప్రజ భర్త శ్రీకాంత్ అడ్డంగా నిలబడ్డాడు. గడ్డం మాసి, కళ్లు లోపలికి పోయి ఉన్నాయి.

"తెరిస్తే బాయి కాడికి పోతాది విశ్వాసమ్మా. రెండుతూర్లు నేనే లాక్కొచ్చినా."

"భయపడి మూసినావు. నాకు తెలుసప్పా. కానీ ఇది తలుపు మూస్తే పోయేది కాదు. కాన్పయినంక కొందరికి మనసుకు జబ్బు వస్తాది. మందు ఉండాది."

"గాలి సోకిందంటాండారు అందరూ. గురువారం దర్గాకు..."

"దర్గాకూ పోదువు. నేనూ ప్రార్థన చేస్తా. ముందు రాయచోటి ఆస్పత్రికి పోదాం."

అక్కడే నిలబడి ఆ ఆస్పత్రి డాక్టరమ్మకు ఫోన్ చేసింది. అతనికి వినపడాలని స్పీకర్ పెట్టింది. ఒంటరిగా వదలొద్దని, వెంటనే తీసుకురమ్మని, నయమవుతుందని డాక్టరమ్మ చెప్పింది. శ్రీకాంత్ మొహం పక్కకు తిప్పుకుని గొళ్లెం తీశాడు.

సుప్రజ గోడవారన మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని కూర్చుంది. జుట్టు అట్టలు కట్టింది. రవిక మీద పాల చారలు ఎండిపోయి ఉన్నాయి. విశ్వాసమ్మ పక్కన చతికిలబడింది. సుప్రజే నోరు విప్పింది.

"నేను సచ్చిపోతానని అందరూ భయపడతాండారు."

"నీకూ భయంగా ఉండాదా బిడ్డా?"

సుప్రజ తలూపింది.

"అయితే నా చెయ్యి పట్టుకో. ఆస్పత్రిలో కూడా ఇడవను."

సుబ్బలక్ష్మమ్మ ఉతికిన చీర తెచ్చి, తనే కోడలికి చుట్టింది. శ్రీకాంత్ కారు వాకిట్లోకి తెచ్చాడు. వెలుతురుకు సుప్రజ కళ్లు చికిలించింది కానీ ఆగలేదు. పట్టుకున్న చెయ్యి బిగించి నడిచింది.

గదిలోంచి వస్తూ విశ్వాసమ్మ ఒక్కసారి వెనక్కి చూసింది. తెరిచిన తలుపు వారన స్టీలు కంచం ఒకటి మిగిలిపోయింది. తలుపు కింది సందులోంచి దూరేలా దాని అంచును రాయితో కొట్టి అణగగొట్టారు.